సలహా నిపుణులది, జవాబు ఎవరిది?

నిపుణుల సంఘం మన ప్రభుత్వాలకు గొడుగు వంటిది. నిర్ణయం ఫలిస్తే అది పాలకుల దూరదృష్టి. వికటిస్తే నిపుణుల సలహా. కోవిడ్ టీకాల విషయంలో ఈ గొడుగు ఎవరిని కాచిందో, ఎవరు తడిశారో తెలుసుకొనేందుకు న్యూఢిల్లీ కంటె ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమే అనువైన చోటు.

బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి పనికోసం వెళ్లిన తెలుగువారు తరతరాలుగా అక్కడ స్థిరపడ్డారు. రైలు నడిస్తేనే ఆ ఊరు నడుస్తుంది. 2020 మార్చిలో ప్రయాణికుల బళ్లు నిలిచినా గూడ్సు బళ్లు నిలవలేదు. 2021 ఏప్రిల్‌లో ఆస్పత్రులకు ప్రాణవాయువును మోసినవీ రైళ్లే. నిండు ట్యాంకర్లతో తొలి బండి బయలుదేరినది విశాఖ ఉక్కు కర్మాగారం నుంచే.

మరి ఈ బళ్లు నడిపినవారికి టీకా వరుసలో దక్కిన స్థానమేమిటి? ఆ వరుసను నిర్ణయించినది నీతి ఆయోగ్ సభ్యుడు డాక్టర్ వి.కె.పాల్ అధ్యక్షతన 2020 ఆగస్టులో ఏర్పడిన జాతీయ నిపుణుల బృందం. మొదట కోటి మంది వైద్య సిబ్బంది, తరువాత రెండు కోట్ల మంది ముందువరుస కార్మికులు, ఆపై 27 కోట్ల మంది వృద్ధులు, రోగపీడితులు. పోలీసులు, సైనికులు, పారిశుధ్య కార్మికులు ముందువరుసలో చేరారు. డ్రైవర్లు, గార్డులు, స్టేషన్ మాస్టర్లు ఒక వర్గంగా చేరలేదు. చేర్చవలసిందని రైల్వే కార్మిక సమాఖ్య కోరింది. 2021 మే 10న రైల్వే బోర్డు అధ్యక్షుడు సునీత్ శర్మ వెల్లడించిన లెక్క ప్రకారం అప్పటికి కోవిడ్‌తో మరణించిన రైల్వే ఉద్యోగులు 1,952 మంది.

టీకాలు కొరతగా ఉన్నప్పుడు ఎవరో ఒకరు వెనుక నిలవక తప్పదు. ఈ వ్యాధి వృద్ధులనే ఎక్కువగా బలిగొన్నందున వయసుకు పెద్దపీట వేయడంలో న్యాయం లేకపోలేదు. అయితే ఎవరికి ప్రమాదమెక్కువ అన్నది వైద్యశాస్త్రం తేల్చవలసిన ప్రశ్న. ఎవరి శ్రమ లేనిదే దేశం సాగదు అన్నది కాదు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు పార్లమెంటుకు బాధ్యులైన మంత్రులు.

శాస్త్ర విషయాలలోనైనా దాపరికం మేలు చేయలేదు. హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌కు మూడవ దశ ఫలితాలు రాకముందే 2021 జనవరి 2న నిపుణుల సంఘం సిఫారసు చేసింది. మరునాడే అనుమతి లభించింది. 81 శాతం సామర్థ్యమన్న తొలి ఫలితం మార్చిలో వెలువడింది. ఈలోగా వ్యాపించిన సందేహాలకు మూల్యం చెల్లించినది ఆ టీకాయే. కోవిషీల్డ్ మోతాదుల వ్యవధిని మే 13న 12-16 వారాలకు పెంచినప్పుడు సలహా సంఘంలో కొందరికి భిన్నాభిప్రాయమున్నదని దేశానికి తెలిసినది జూన్‌లో, పత్రికల ద్వారా. చివరకు ఆ సంఘంలో పూర్వసభ్యుడైన డాక్టర్ జేకబ్ పులియేల్ సుప్రీంకోర్టుకు వెళ్లవలసి వచ్చింది. జస్టిస్ లావు నాగేశ్వరరావు ధర్మాసనం 2022 మే 2న టీకా విధానాన్ని తప్పుపట్టలేదు. కాని పిల్లల టీకా పరీక్షల ముఖ్య ఫలితాలను బహిరంగపరచాలని ఆదేశించింది.

రాబోయే మహమ్మారికైనా నిపుణుల సిఫారసు, దానికి కారణం, అసమ్మతి మూడూ పార్లమెంటు ముందుంచడం అవసరం. ఖరగ్‌పూర్‌లో ఏ బండికి ఎప్పుడు దారి ఇచ్చారో స్టేషన్ పుస్తకంలో రాసి ఉంటుంది. కోట్లాది ప్రాణాలకు సంబంధించిన నిర్ణయాలకు ఆపాటి పుస్తకమైనా ఉండవద్దా?