మద్యం మానిన మూడో రోజు

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ వెంటే లాక్‌డౌన్ వచ్చింది, మద్యం దుకాణాలు మూతపడ్డాయి. మళ్లీ తెరుచుకున్నది ఆంధ్రప్రదేశ్‌లో మే 4న, తెలంగాణలో మే 6న. షాపులు మూసి ఎన్నో రోజులు కాకముందే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి రోగుల తాకిడి పెరిగింది. చేతులు వణుకుతున్నవాళ్లు, రాత్రంతా నిద్ర లేక గోడలతో మాట్లాడుతున్నవాళ్లు, ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నవాళ్లు. వాళ్లు తాగి వచ్చినవాళ్లు కారు. తాగక వచ్చినవాళ్లు.

కేరళలో అయితే వ్యవహారం కోర్టుదాకా వెళ్లింది. మద్యం ఆగిపోవడం వల్ల లక్షణాలు మొదలైనవాళ్లకు డాక్టరు చీటీ రాసిస్తే ఎక్సైజ్ శాఖ మద్యం సరఫరా చేయవచ్చని ఆ ప్రభుత్వం మార్చి 30న ఉత్తర్వు ఇచ్చింది. డాక్టర్ల సంఘాలు భగ్గుమన్నాయి. ఏప్రిల్ 2న హైకోర్టు దాన్ని నిలిపేసింది. ఈ స్థితికి మంచి మాత్రలు ఉన్నప్పుడు సీసా రాసివ్వడం వైద్యం కాదు కాబట్టి కోర్టు చేసింది సబబే. కానీ మన ఇళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఆ ఉత్తర్వు రాసినవాళ్లకు తెలుసు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఉన్నపళంగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మనవాళ్లేమో, "మానేస్తే మంచిదేగా, మానినందుకు ఎవరైనా పోతారా?" అంటారు. పోతారు. అరుదుగానే అయినా పోతారు. అందులోనూ మానిన రోజున కాదు, ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకునే రోజున.

ఎందుకో తెలియాలంటే మెదడులోకి తొంగిచూడాలి. నాడీకణాలు రసాయనాల ద్వారా కబుర్లు పంపుకుంటాయి. వాటిలో గాబా అనేది నాడుల జోరు తగ్గించేది, గ్లూటమేట్ జోరు పెంచేది. మద్యం గాబాకు ఊతమిస్తుంది, గ్లూటమేట్‌ని అందుకునే గ్రాహకాలను అణిచిపెడుతుంది. రెండు పెగ్గులు పడగానే బెరుకు పోవడం, మాట ముద్దగా రావడం, కునుకు పట్టడం ఇందుకే. పెళ్లికో పండగకో తాగేవాడి కథ అక్కడితో సరి. రోజూ తాగేవాడి మెదడు మాత్రం ఊరుకోదు. కావడిలో ఒక పక్క బరువు పెరిగితే మోసేవాడు రెండో పక్కా బరువు వేసి సరిచేసుకున్నట్టు, అది గాబా గ్రాహకాల స్పందన తగ్గించుకుంటుంది, గ్లూటమేట్ గ్రాహకాలను పెంచుకుంటుంది. ఇప్పుడా మనిషి క్వార్టర్ తాగినా తూలడు. "ఎంత పోసినా చెక్కుచెదరడు" అని స్నేహితులు మెచ్చుకునేది ఈ స్థితినే. నిజానికి భయపడాల్సింది కూడా దీనికే. ఒకరోజు మద్యం పక్క బరువు తీసేస్తే కావడి రెండో పక్కకు ఒరిగిపోతుంది. ఆ రెండో బరువు దించుకోవడానికి మెదడుకు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో ఒంట్లో జరిగే అల్లకల్లోలాన్నే డాక్టర్లు విత్‌డ్రాయల్ అంటారు.

ఇది గడియారం ప్రకారం నడిచే జబ్బు. ఆదివారం రాత్రి పదింటికి ఆఖరి పెగ్గు పడిందనుకుందాం. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ విస్కీలో ఉండే ఆల్కహాల్ సుమారు 60 గ్రాములు. కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాముల దాకా కరిగిస్తుంది, అలవాటైన ఒంట్లో ఇంకాస్త వేగంగా. తెల్లారేసరికి రక్తంలో మోతాదు బాగా పడిపోతుంది. చేతివేళ్లు వణుకుతాయి, టీ గ్లాసు పట్టుకుంటే తొణుకుతుంది. చెమటలు, గుండె దడ, వికారం, ఊరికే చిరాకు. కొందరికి రక్తంలో ఇంకా కొంత మద్యం ఉండగానే ఇవి మొదలవుతాయి. పొద్దున్నే ఒక గుక్క పడితేగానీ చేతులు నిలవవని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆ గుక్క వాళ్లకు బలమివ్వడం లేదు, మొదలవబోతున్న విత్‌డ్రాయల్‌ని మధ్యాహ్నానికి వాయిదా వేస్తోంది. ఇంట్లో ఎవరైనా ఈ మాట అంటుంటే, మానడం సొంతంగా తేల్చుకునే దశ దాటిపోయిందని అర్థం.

సోమవారం తెల్లవారుజాము నుంచి మంగళవారం రాత్రి దాకా ఫిట్స్ వచ్చే సమయం. ఆఖరి పెగ్గు తర్వాత ఆరు నుంచి 48 గంటల మధ్య, ఎక్కువగా మొదటి రోజు చుట్టుపక్కల. మూర్ఛ వ్యాధి లేనివాళ్లకూ వస్తాయి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం మన ఊళ్లలో మామూలే గానీ వాటివల్ల ఒరిగేదేమీ లేదు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా 108కి ఫోన్ చేయాలి. ఇదే రోజుల్లో కొందరికి లేని మాటలు వినిపిస్తాయి, ఒంటిమీద పురుగులు పాకుతున్నట్టు ఉంటుంది. అయినా తానెక్కడున్నాడో, ఎదురుగా ఉన్నది ఎవరో తెలుస్తూనే ఉంటుంది.

ఆ తెలివి కూడా పోయే స్థితి మంగళవారం రాత్రికీ గురువారం రాత్రికీ మధ్య వస్తుంది. దాని పేరు డెలీరియం ట్రెమెన్స్. 1813లో ఇంగ్లండ్ వైద్యుడు థామస్ సటన్ ఈ పేరు పెట్టాడు. రోగికి పగలో రాత్రో తెలియదు, భార్యను చూసి ఎవరమ్మా నువ్వంటాడు. చిన్నచిన్న జంతువులు, పురుగులు కనబడతాయి. విచిత్రమేమిటంటే చాలామంది తమ వృత్తి పని చేస్తుంటారు. లారీ డ్రైవరు మంచంమీదే స్టీరింగ్ తిప్పుతాడు, దర్జీ గాలిలో సూదికి దారం ఎక్కిస్తుంటాడు. చూసేవాళ్లకు దెయ్యం పట్టినట్టే ఉంటుంది. భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి ఒక పూట, రెండు పూటలు పోగొట్టుకునేది ఇక్కడే. లోపల మాత్రం జ్వరం, ఆగని చెమట, అదుపు తప్పిన నాడి, రక్తపోటు. పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. చికిత్స లేని కాలంలో ఈ దశకు చేరినవాళ్లలో మూడో వంతు దాకా చనిపోయేవాళ్లు. ఇప్పుడు సరైన వైద్యం అందితే నూటికి ఐదుగురి లోపే. అసలు ఈ దశకు చేరేదే విత్‌డ్రాయల్ వచ్చినవాళ్లలో నూటికి ఐదుగురు. మిగతావాళ్లు వణుకు, చెమటలు, నిద్రలేమితో నాలుగైదు రోజుల్లో తేరుకుంటారు. ఆ ఐదుగురిలో ఎవరుంటారో ముందే కొంత అంచనా వేయవచ్చు. గతంలో మానినప్పుడు ఫిట్స్‌గానీ మతి తప్పడంగానీ జరిగినవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, న్యుమోనియాలాంటి వేరే జబ్బుతో ఉన్నవాళ్లు, నిద్రమాత్రలు కూడా అలవాటైనవాళ్లు.

ఇదంతా మానడం వల్ల వచ్చేదేనని వైద్యలోకం చాలాకాలం నమ్మలేదు. తిండి సరిగ్గా లేక వస్తుందన్నారు, తాగుడే మెదడును పాడుచేసిందన్నారు. తేల్చింది అమెరికాలోని కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో హారిస్ ఇస్‌బెల్ బృందం చేసి 1955లో ప్రచురించిన ప్రయోగం. అంతకుముందు మార్ఫిన్‌కు అలవాటుపడిన పదిమందికి మంచి తిండి, విటమిన్లు ఇస్తూ వారాల తరబడి రోజంతా మద్యం పట్టించి, ఒక్కసారిగా ఆపేశారు. కొద్ది వారాలే తాగినవాళ్లకు వణుకు, చెమటలతో సరిపోయింది. నెలన్నర దాటి తాగినవాళ్లలో కొందరికి ఫిట్స్, కొందరికి డెలీరియం. తిండి లోపం కాదని తేలిపోయింది. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఇలాంటి దానికి సంతకం పెట్టదు. ఆ పదిమంది ఒప్పుకున్నారనే రికార్డుల్లో ఉంది, కానీ మార్ఫిన్ అలవాటుతో అక్కడికి చేరినవాడి ఒప్పుకోలుకు ఎంత విలువ?

పరీక్ష కోసం కాకపోయినా అదే ప్రయోగం మన ఆసుపత్రుల్లో తెలియకుండా జరిగిపోతుంటుంది. కాలు విరిగో, హెర్నియా ఆపరేషన్‌కో మనిషిని చేర్పిస్తారు. ఎంత తాగుతాడని డాక్టరు అడిగితే, "అప్పుడప్పుడూ అండీ, ఫంక్షన్లకి" అని భార్యో కొడుకో చెబుతారు. పరువు. ఆపరేషన్ బాగా జరుగుతుంది. మూడో రోజు రాత్రి రోగి సెలైన్ సూది పీకేసి, కట్లు విప్పుకుని, బస్సు వెళ్లిపోతోందని తలుపువైపు పరిగెడతాడు. మత్తుమందు వికటించిందని చుట్టాలు గొడవకు దిగుతారు. సర్జన్లకూ మానసిక వైద్యులకూ ఈ మూడో రోజు సుపరిచితం. చేర్చేటప్పుడే "రోజుకు హాఫ్ బాటిల్, పదేళ్లుగా" అని చెప్పి ఉంటే మొదటి పూట నుంచే మాత్రలు మొదలుపెట్టేవాళ్లు. డాక్టరు దగ్గర చెప్పే అబద్ధాల్లో ఇంత ఖరీదైనది ఇంకోటి ఉండదేమో. జైలుకు వెళ్లినవాడి విషయంలోనూ, జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచం దిగనివాడి విషయంలోనూ ఇదే జరుగుతుంది.

చికిత్స సూత్రం తేలికే. మద్యం ఏ గ్రాహకాల మీద పనిచేసిందో వాటిమీదే పనిచేసే మాత్రలు ఇచ్చి, కావడి ఒరగకుండా పట్టుకుని, రోజురోజుకూ మోతాదు తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. క్లోర్‌డయాజెపాక్సైడ్, డయాజెపామ్ వాడతారు, కాలేయం దెబ్బతిన్నవాళ్లకు లోరాజెపామ్. మద్యం పోయి మాత్రల అలవాటు పట్టుకుంటుందేమోనని ఇంట్లోవాళ్లు భయపడతారు. డాక్టరు చెప్పిన గడువులో ఆపితే ఆ భయం అక్కర్లేదు. కానీ ఇవే మాత్రలు మెడికల్ షాపులో సొంతంగా కొని, పైన మళ్లీ ఒక పెగ్గు పోస్తే ఊపిరే ఆగిపోవచ్చు.

ఇంకో ముఖ్యమైన మందు థయమిన్, అంటే బి1 విటమిన్. ఎక్కువగా తాగేవాళ్లు సరిగ్గా తినరు, తిన్నదాంట్లోని బి1 కూడా ఒంటికి పట్టదు. గ్లూకోజ్‌ని శక్తిగా మార్చడానికి కణాలకు బి1 కావాలి. మనిషి నీరసించాడని ఊళ్లో ముందుగా చేసేది గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం. ఉన్న కాస్త బి1 దాంతో ఖర్చయిపోతే కళ్లు సరిగ్గా తిరగకపోవడం, నడక తూలడం, మతి తప్పడం వస్తాయి. 1881లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికే వర్ణించిన జబ్బు ఇది. తూలుతుంటే ఎక్కడో తాగొచ్చాడనుకుని వదిలేస్తారు. అలా వదిలేసినవాళ్లలో కొందరికి కొత్త జ్ఞాపకాలు నిలిచే శక్తి శాశ్వతంగా పోతుంది. గ్లూకోజ్‌కు ముందుగానో దాంతోపాటో థయమిన్ ఇంజెక్షన్ పడితే చాలు, పెద్ద ఖర్చూ కాదు.

తెలంగాణలో దీనికి ఇంకో చిక్కుముడి కల్తీ కల్లు. చెట్టు కల్లులో ఆల్కహాల్ తక్కువే. అయితే దాని పేరుతో అమ్మేదాంట్లో డయాజెపామ్, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారు. 2015లో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమయ్యాక నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చి చేష్టలతో ఆసుపత్రులకు వచ్చారు. అది మద్యం విత్‌డ్రాయల్ ఒక్కటే కాదు, నిద్రమాత్రలది కూడా. డయాజెపామ్ ఒంట్లోంచి మెల్లగా పోతుంది కాబట్టి పైన చెప్పిన గడియారం వీళ్లకు వర్తించదు, లక్షణాలు వారం తర్వాతా తలెత్తవచ్చు. కల్లు తాగేవాడికేమవుతుందిలే అనుకోవడానికి లేదు.

వారం గడిచాక వణుకు ఉండదు. నిద్ర మాత్రం వారాలు, ఒక్కోసారి నెలలు సరిగ్గా పట్టదు, మనసు దిగులుగా ఉంటుంది. "మానినా సుఖం లేదు" అంటూ మళ్లీ మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. తపన తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి. తాగేవాళ్లకు తెలియకుండా కూరలో కలిపి మాన్పిస్తామని గోడలమీద కనబడే ప్రకటనలను మాత్రం నమ్మొద్దు. అలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ ఉండి, తెలియని మనిషి పైన మద్యం తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు.

దేశంలో మద్యానికి బానిసలైనవాళ్లు దాదాపు 2.9 కోట్లమందని ఎయిమ్స్ నిపుణులు 2019లో ఇచ్చిన నివేదిక చెప్పింది. వాళ్లలో డీఅడిక్షన్ సెంటర్ మెట్లెక్కేవాళ్లు కొద్దిమందే. తెలుగు నేలమీద చాలామంది ఎంచుకునే దారి ఇంకోటుంది, అయ్యప్ప మాల. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. నలభై ఒక్క రోజులు తాగని మనుషుల మధ్య గడపడం, పొద్దున లేవగానే చేయాల్సిన పని ఉండటం, స్వామీ అని గౌరవంగా పిలిపించుకోవడం ఏ కౌన్సెలింగ్‌కూ తీసిపోవు. చిక్కల్లా మొదటి వారంతోనే. ముందురోజు రాత్రి కడసారిగా గట్టిగా తాగి, తెల్లారి చన్నీళ్ల స్నానం చేసి, ఒంటిపూట భిక్షతో నేలమీద పడుకునే మనిషికి మూడో రోజు వణుకూ చెమటా పడితే అది చలి అనుకుంటారు. మాల తీసిన రాత్రే సీసా తెరిచి, మరుసటి కార్తికంలో మళ్లీ హఠాత్తుగా ఆపేవాళ్లకు ఇంకో ప్రమాదం కూడా ఉంది. 1978లో అమెరికన్ మానసిక వైద్యులు బాలెంజర్, పోస్ట్ గమనించినదాని ప్రకారం, మానడం, మొదలుపెట్టడం ఎన్నిసార్లు జరిగితే విత్‌డ్రాయల్ అంత తీవ్రమవుతుంది. మొదటి ఏడు వణుకుతో పోయినవాడికి ఐదో ఏడు ఫిట్స్ రావచ్చు. పోయినేడు ఏమీ కాలేదు కదా అనే ధైర్యం అందుకే పనికిరాదు.

కాబట్టి రోజూ తాగేవాళ్లు మాల వేసుకునే ముహూర్తానికి పది రోజుల ముందే ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుణ్ని కలిసి, ఎంత తాగుతున్నారో ఉన్నదున్నట్టు చెప్పి, మాత్రల కోర్సు మొదలుపెట్టడం మంచిది. డాక్టరును కలిసేదాకా ఒక్కసారిగా ఆపేయకూడదు. ఎవరిని అడగాలో తెలియకపోతే 14446కు, లేదా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, రెండూ ఉచితమే. దీక్ష మొదలయ్యేనాటికి చేతులు నిలకడగా ఉంటాయి. మిగిలిన మాత్రలు భిక్ష తర్వాత వేసుకోవడానికి ఏ గురుస్వామీ అడ్డు చెప్పడు.