ఆడపడుచు జూబిలీ

పాతికేళ్ల కిందటో యాభై ఏళ్ల కిందటో పెళ్లి వద్దని మఠానికి వెళ్లిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు ఆలస్యంగా వేసే పందిరి ఇది. సత్తెనపల్లి, నరసరావుపేటల మధ్య ముప్పాళ్ళ, పొరుగున ఫిరంగిపురం, పైన రెంటచింతల... ఈ చుట్టుపక్కల కథోలిక కుటుంబాలున్న ఊళ్లలో జూబిలీ అంటే గుడి ముందు ఫ్లెక్సీ, దాని మీద సిస్టరమ్మ ఫొటో, కింద అన్నదమ్ముల, వదినల, మేనల్లుళ్ల పేర్లు. బ్యాండు మేళం, మైకులో పాటలు, పూజ తర్వాత భోజనాలు. మిరప కోతలు ముగిసి, బడులకు సెలవులిచ్చాక పెట్టుకుంటే టీచరుగా ఉన్న సిస్టరమ్మకూ, పొలం పనులకు పోయే చుట్టాలకూ వీలవుతుంది.

లెక్క పుట్టినరోజు నుంచి కాదు, మఠంలో కాలుపెట్టిన రోజు నుంచీ కాదు. ప్రథమ మాటపట్టు నుంచి. అమ్మాయి ముందు కొన్నాళ్లు మఠంలో ఉండి చూస్తుంది. తర్వాత కనీసం ఏడాదిపాటు నోవిషియేట్ అనే శిక్షణ. అది పూర్తయ్యాక పేదరికం, కన్యత్వం, విధేయత అనే మూడు వ్రతాలకు మాట ఇస్తుంది. అదీ కొంతకాలానికే. మూడేళ్ల నుంచి ఆరేళ్ల వరకు, అవసరమైతే తొమ్మిదేళ్ల దాకా ఇటు ఆ సిస్టర్ల సభా అటు ఆమే ఒకరినొకరు పరీక్షించుకోవచ్చు. ఆ తర్వాతే నిత్య మాటపట్టు. పాతికేళ్లకు రజతోత్సవం, యాభైకి స్వర్ణోత్సవం, అరవైకి వజ్రోత్సవం. ఆ రోజు బలిపీఠం ముందు వెలిగించిన కొవ్వొత్తితో ఆమె వ్రతాలను మళ్లీ పలుకుతుంది. నిజానికి శ్రీసభ (కథోలిక చర్చి) చట్టం ప్రకారం ఈ పలకడం అవసరమే లేదు. నిత్యమని ఇచ్చిన మాటకు గడువు తీరేదేముంది?

సాధారణంగా జూబిలీ రెండుసార్లు జరుగుతుంది. మొదటిది సభ ప్రధాన మఠంలో, ఒకే ఏడాది మాటపట్టిన సిస్టర్లంతా కలిసి. బిషప్ గారు, ప్రొవిన్షియల్ మదర్ వస్తారు, కార్యక్రమం గడియారం ప్రకారం నడుస్తుంది. రెండోది పుట్టిన ఊళ్లో. నాకు ఈ రెండోదే ఇష్టం. అన్న పెళ్లిలో ఆడపడుచు లాంఛనం అందుకోని మనిషి, తమ్ముడి బిడ్డ ఓణీల వేడుకకు సెలవు దొరకని మనిషి, ఒక్కరోజు తన వాళ్ల మధ్య పెద్దపీట మీద కూర్చుంటుంది. ఊరంతా సిస్టరమ్మా అని పిలుస్తుంటే, మేనల్లుళ్లు మాత్రం అత్తా అంటారు.

ఈ దారిలో ముందు నడిచినామె ఫిరంగిపురం ఆడపడుచే. 1822లో పుట్టిన జ్ఞానమ్మ పెళ్లయి, బిడ్డల్ని కన్న తల్లి. భర్త పోయాక తమిళదేశంలోని కీళచ్చేరికి వెళ్లింది. అది గుంటూరు ప్రాంతం నుంచి వలసవెళ్లిన తెలుగు కథోలికుల ఊరు. విధవ గడప దాటడమే తప్పనే రోజుల్లో, 1863లో అక్కడ ఆడపిల్లల బడి పెట్టింది. ఆ పనిలోంచే మద్రాసు పునీత అన్నమ్మ సభ పుట్టింది. ఫిరంగిపురం అన్నమ్మ సభ కూడా ఆమెనే తల్లిగా చెప్పుకుంటుంది. 1874లో కన్నుమూసిన జ్ఞానమ్మను 2014లో దైవసేవకురాలిగా ప్రకటించారు. పునీత పట్టానికి అది మొదటి మెట్టు.

ఇక గుంటూరుకు సముద్రం దాటి వచ్చినవాళ్లు జె.ఎం.జె. సిస్టర్లు. 1822లోనే నెదర్లాండ్స్‌లోని అమెర్స్‌ఫోర్ట్‌లో మథియాస్ వోల్ఫ్ అనే జెస్విట్ గురువు స్థాపించిన సభ అది. 1904లో గుంటూరు చేరింది. 1920లో మేరీ గ్లోరీ అనే ఆస్ట్రేలియా డాక్టరు మెల్‌బోర్న్‌లో ప్రాక్టీసు వదులుకుని ఈ సభలో చేరడానికి గుంటూరు వచ్చింది. భారతదేశంలో మగ డాక్టరు దగ్గరకు వెళ్లలేక ఆడవాళ్లు, పసిబిడ్డలు చనిపోతున్నారని ఒక చిన్న పుస్తకంలో చదవడమే ఆమె రాకకు కారణం. కన్యస్త్రీలు వైద్యం చేయడానికి అప్పటికి శ్రీసభ ఒప్పుకునేది కాదు. పోపు 15వ బెనెడిక్ట్ ఆమెకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. మిగతా సిస్టర్లందరికీ ఆ తలుపు తెరుచుకున్నది 1936లో. గుంటూరులో చిన్న డిస్పెన్సరీగా మొదలైన పని ఆమె చేతుల్లో ఆసుపత్రి అయింది. స్థానిక అమ్మాయిలకు మందులివ్వడం, కాన్పులు చేయడం నేర్పింది. 1943లో ఆమె స్థాపించిన కథోలిక ఆసుపత్రుల సంఘంలో ఇవాళ దేశమంతటా 3,500కు పైగా సంస్థలున్నాయి. 1957లో బెంగళూరులో చనిపోయింది. జూబిలీ వేదికల మీద పొగడ్తలు వింటున్నప్పుడల్లా, వాటికి బదులు ఇలాంటి వివరాలు చదివితే ఎంత బాగుండునో అనిపిస్తుంది.

పొగడ్తల సంగతి సరే, శాలువాల మాటేమిటి? పేదరికానికి మాటపట్టిన మనిషి మెడలో దండల మీద దండలు, ఒళ్లో కవర్లు. చూసేవాళ్లకు ఎబ్బెట్టుగానే ఉంటుంది. అయితే ఆ శాలువాలు ఆమె పెట్టెలోకి చేరవు. సిస్టరుగా ఆమె సంపాదించేదంతా సభదే. ఎయిడెడ్ బడిలో టీచరైతే జీతం, రిటైరయ్యాక పెన్షను కూడా సభ ఉమ్మడి ఖాతాకే. ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి. తమిళనాడు, కేరళ సభలు, బిషప్‌ల మేత్రాసనాలు ఒక వాదన చేశాయి: పేదరిక వ్రతం పట్టినవాళ్లు లోకానికి చనిపోయినవాళ్లతో సమానం, జీతం వాళ్లది కాదు, కాబట్టి దాని మీద పన్ను కోయకూడదు. 2024 నవంబరు 7న కోర్టు ఒప్పుకోలేదు. జీతం ఆమె పేరునే వస్తోంది కాబట్టి పన్ను కోయాల్సిందేనంది. కోర్టు తర్కం కాదనలేనిదే. కానీ ముప్ఫై ఏళ్లు ప్రతి నెలా జీతం తీసుకుని, ఒక్క నెలా తన కోసం ఖర్చు పెట్టుకోని మనిషిని ఏ పన్ను పట్టీలో చూపిస్తారు?

జూబిలీ ఆచారానికి మూలం లేవీయకాండం 25వ అధ్యాయం. యాభయ్యో ఏట భూమికి విశ్రాంతి, అమ్ముకున్న పొలం తిరిగి సొంతవాళ్లకు, దాస్యంలో ఉన్నవాళ్లకు విడుదల. మన ప్రసంగాల్లో ఈ భాగం పెద్దగా వినపడదు. కౌలుకు మిరప, పత్తి వేసి అప్పుల్లో కూరుకుపోయినవాళ్లు ఎదురుగా కూర్చున్న పల్నాటి ఊళ్లోనైనా దాన్ని చదవొచ్చు కదా!

ఇంటికి ఐదారుగురు పిల్లలున్న రోజుల్లో ఒక బిడ్డను దేవుడికిచ్చిన తల్లిదండ్రులకు ఇంకా నలుగురైదుగురు మిగిలేవారు. ఇద్దరితో, ఒక్కరితో ఆపుకుంటున్న ఇళ్లలో ఆ లెక్క కుదరదు. స్వర్ణోత్సవాల పందిరి ఖర్చు ఇప్పుడు మేనల్లుళ్లు పెట్టుకుంటున్నారు. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగాలు చేసే వీళ్లకు అత్త అంటే పండగకు వచ్చి రోజరీ చేతిలో పెట్టి వెళ్లే మనిషి. ఆమె పనిచేసిన ఊళ్ల జాబితా వాళ్లు మొదటిసారి వినేది ఆ వేదిక మీదే.

అందుకే వక్తల సంఖ్య తగ్గించి, మైకు సిస్టరమ్మ చేతికే ఇవ్వాలి. ఇప్పుడు స్వర్ణోత్సవం చేసుకుంటున్న తరం మాటపట్టిన కొద్దికాలానికే, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. శవాల మధ్య, బురద మధ్య పనిచేసినవాళ్లలో కన్యస్త్రీలూ ఉన్నారు. ఆ తరం సిస్టరమ్మను అడగండి, అప్పుడు ఎక్కడున్నారని. హాస్టల్లో ఏ పిల్ల పెళ్లిని ఆపారో, ఏ రాత్రి లాంతరు వెలుగులో కాన్పు చేశారో, ఏ బదిలీ కాగితం చూసి ఏడ్చారో అడగండి. భోజనాలు కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు.