నమ్మకానికి ముద్ర

పూర్వం రాజులు అగ్రహారాలను దానం చేసినపుడు ఆ విషయాన్ని రాగిరేకులపై చెక్కించేవారు. ఆ రేకులకు రంధ్రం చేసి, కడియంతో కూర్చి, కడియపు కొసలు కలిసేచోట రాజముద్రను పొదిగించేవారు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల ముద్రలపై ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న బిరుదాన్ని ఈనాటికీ చూడవచ్చు. కడియాన్ని తెంపనిదే రేకును మార్చడం సాధ్యం కాదు. తెంపితే ఆ సంగతి చూపరికి వెంటనే తెలిసిపోతుంది. లేఖను వ్రాయడం ఎంత ముఖ్యమో, అది మార్పు చెందకుండా చేరిందని గ్రహీతకు తెలియడమూ అంతే ముఖ్యమని మన పూర్వులు గుర్తించారు. రాగిరేకు స్థానంలో కంప్యూటరు వచ్చింది. ఆ అవసరం మాత్రం అలాగే నిలిచి ఉన్నది.

నేడు కరీంనగర్‌లోని విద్యార్థి గాని, ఆదిలాబాద్ అడవుల అంచున ఉన్న పల్లె విద్యార్థి గాని పరీక్షకు హాల్‌టికెట్టును ఇంటర్నెట్టు నుండే డౌన్‌లోడ్ చేసుకొంటున్నాడు. 2011లో మొదలైన మీసేవ వలన కుల, ఆదాయ ధ్రువపత్రాలు సైతం కంప్యూటరు ద్వారానే లభిస్తున్నాయి. విద్యుత్ బిల్లు మొదలు బ్యాంకు ఖాతా వరకు సమస్తమూ వెబ్‌సైట్లతో ముడివడి ఉన్నది. ఇంతటి సౌకర్యం వెంట ఒక ప్రమాదమూ పొంచి ఉన్నది. అదే హ్యాకింగ్. పరుల కంప్యూటరు వ్యవస్థలోనికి అనుమతి లేకుండా చొరబడడమే హ్యాకింగ్.

ఇది ఎక్కడో దూరదేశాలలో జరిగే విషయమని భావించడం పొరపాటు. 2019 మే నెల ఆరంభంలో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ‘రాన్సమ్‌వేర్’ దాడికి గురయ్యాయి. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు విద్యుత్తును అందించే ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ కూడా వానిలో ఉన్నది. రాన్సమ్‌వేర్ అనేది ఫైళ్లను గూఢలిపిలోనికి మార్చివేసి, వాటిని విప్పే తాళంచెవి కోసం సొమ్మును డిమాండ్ చేసే దుష్ట ప్రోగ్రాము. దొంగ మన ధాన్యాన్ని ఎత్తుకుపోడు. మన గాదెకే తన తాళం వేసి కూర్చొంటాడు. అటువంటి వేళ ఆదుకొనేది ముందుగా వేరొకచోట భద్రపరచిన నకలు మాత్రమే. విత్తనాన్ని విడిగా దాచుకొనే రైతుకు ఈ నీతిని వేరుగా బోధింపనక్కరలేదు.

హ్యాకింగ్‌కు గురైన సంస్థ ఎట్లా ప్రవర్తించాలి? దానిని నమ్ముకొన్న జనసమూహం ఎట్లా స్పందిస్తుంది? ఈ ప్రశ్నలకు ‘లినక్స్ మింట్’ ఉదంతం చక్కని సమాధానం. లినక్స్ మింట్ అనేది ఉచితంగా లభించే ఒక ఆపరేటింగ్ సిస్టమ్. దీనిని ప్రపంచమంతటా ఉన్న వాడుకరులు దాని వెబ్‌సైటు నుండి డౌన్‌లోడ్ చేసుకొంటారు. 2016 ఫిబ్రవరి 20న హ్యాకర్లు ఆ వెబ్‌సైటులోనికి ప్రవేశించి, డౌన్‌లోడ్ లింకును మార్చివేశారు. దానిని నొక్కినవారికి అసలు ఫైలుకు బదులుగా, బల్గేరియాలోని సర్వరు నుండి రహస్యద్వారం అమర్చిన నకిలీ ఫైలు చేరింది. అంతేగాక సభ్యుల చర్చావేదికకు చెందిన వివరాలు కూడా దొంగల పాలయ్యాయి.

నిర్వాహకులు ఈ విషయాన్ని కప్పిపుచ్చలేదు. మరునాడే బహిరంగంగా ప్రకటించారు. ఏ రోజున, ఏ ఫైలును తీసుకొన్నవారికి ప్రమాదమో స్పష్టంగా తెలిపారు. సంకేతపదాలను మార్చుకొమ్మని హెచ్చరించారు. సర్వరును తాత్కాలికంగా నిలిపివేశారు. సభ్యుల స్పందన రెండు విధాలుగా ఉన్నది. దాపరికం లేకుండా చెప్పినందుకు కృతజ్ఞతలు తెలిపినవారు కొందరు. ఇంతమంది ఆధారపడిన సైటుకు తగిన రక్షణ ముందే ఎందుకు లేదని నిలదీసినవారు మరికొందరు. నిజానికి ఈ రెండు స్పందనలూ అవసరమైనవే. నిష్కపటత నమ్మకాన్ని నిలబెడితే, నిర్మొహమాటమైన విమర్శ సంస్కరణకు దారితీస్తుంది. అటుపిమ్మట ఆ సంస్థ డౌన్‌లోడ్ల భద్రతను పెంచింది. ఆ భద్రత ఎట్లా పనిచేస్తుందో తెలుసుకొందాం.

మొదటిది ఫైలుకు ‘వేలిముద్ర’. ఒక గణితపద్ధతి ద్వారా ఎంత పెద్ద ఫైలునైనా నిర్ణీతమైన పొడవు గల అక్షరాంకెల వరుసగా మార్చుతారు. దీనికే ‘హ్యాష్’ అని పేరు. ఫైలులో ఒక్క అక్షరం మారినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. మన పద్యమూ కొంతవరకు ఇట్టిదే. కరీంనగర్ సమీపాన కుర్క్యాల బొమ్మలగుట్టపై 10వ శతాబ్దిలో జినవల్లభుడు చెక్కించిన శాసనంలో తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. అది రాతిపై ఉన్నందున చెక్కినది చెక్కినట్లే నిలిచింది. తాటాకు గ్రంథాలకు ఆ భాగ్యం లేదు. లేఖకుడు ఎక్కడైనా అక్షరం తప్పితే గణం చెడుతుంది. యతి గాని ప్రాస గాని తప్పుతుంది. పరిష్కర్త ఆ చెడిన తావును చూచి దోషాన్ని పసిగడతాడు. అయితే గణాలకు సరిపడే మరొక పదాన్ని ఎవరైనా చొప్పిస్తే ఛందస్సు దానిని పట్టుకోలేదు. హ్యాష్ పద్ధతులలోనూ ఇట్టి బలహీనమైనవి ఉన్నాయి. ‘ఎండీ5’ అనే పాత పద్ధతిలో ఒకే వేలిముద్ర గల రెండు వేర్వేరు ఫైళ్లను తయారుచేయవచ్చునని 2004లోనే పరిశోధకులు నిరూపించారు. అందుచేతనే 64 అక్షరాంకెల ముద్రనిచ్చే ‘షా256’ పద్ధతి నేడు వాడుకలో ఉన్నది.

అయినా ఒక సందేహం మిగులుతుంది. వేలిముద్రను కూడా అదే వెబ్‌సైటులో ప్రకటిస్తే, ఫైలును మార్చిన దొంగ దానిని మాత్రం మార్చలేడా? తప్పక మార్చగలడు. దీనికి పరిష్కారమే రెండవదైన ‘డిజిటల్ సంతకం’. ఇందులో రెండు తాళంచెవులు ఉంటాయి. ఒకటి రూపకర్త వద్ద రహస్యంగా ఉంటుంది. దానితోనే అతడు సంతకం చేస్తాడు. రెండవది లోకానికంతటికీ తెలిసినది. దానితో ఎవరైనా ఆ సంతకాన్ని పరీక్షింపవచ్చు. వెబ్‌సైటు దొంగ చేతికి చిక్కినా రహస్యపు తాళంచెవి చిక్కనంతవరకు సంతకాన్ని కల్పించడం అతనికి సాధ్యం కాదు. రాజముద్రిక రాజు చేతిలో ఉన్నంతవరకు శాసనానికి ప్రామాణ్యం ఉన్నట్లే ఇది కూడా.

మూడవది ‘హెచ్‌టీటీపీఎస్’. ఇది వెబ్‌సైటుకూ మనకూ నడుమగల దారిని కాపాడుతుంది. మధ్యలో ఎవరూ సమాచారాన్ని చదవకుండా, మార్చకుండా చూస్తుంది. కాని అది దారికి కాపలాయే తప్ప ఇంటికి కాపలా కాదు. వెబ్‌సైటులోనే దొంగ ఉంటే దారి భద్రంగా ఉండి ప్రయోజనం లేదు. కనుక ఈ మూడు రక్షణలూ ఒకదానికొకటి తోడుగా నిలవాలి.

సంస్థల బాధ్యత ఇట్లా ఉండగా, వాడుకరి బాధ్యత కూడా తక్కువైనది కాదు. 2017 మే నెలలో ‘వాన్నాక్రై’ అనే రాన్సమ్‌వేర్ 150 దేశాలకు పైగా వ్యాపించింది. అది చొరబడిన లోపాన్ని సవరించే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ అదే ఏడాది మార్చి నెలలోనే విడుదల చేసింది. దానిని వేసుకొనక అశ్రద్ధ చేసినవారే ఎక్కువగా నష్టపోయారు. ఇటీవల ప్రభుత్వ పథకాల పేరిట, వాహన చలాన్ల పేరిట వాట్సాప్‌లో నకిలీ ‘ఏపీకే’ ఫైళ్లు వస్తున్నాయి. బంధువు పంపినంత మాత్రాన ఫైలు మంచిది కాజాలదు. అతని ఫోనే దొంగ వశమై ఉండవచ్చు. కావలసిన దానిని అసలు వెబ్‌సైటు నుండే తీసుకోవాలి. చిరునామాలోని ప్రతి అక్షరాన్నీ గమనించాలి. సొమ్ము పోయిన పక్షంలో సిగ్గుపడి దాచక వెంటనే 1930 నంబరుకు తెలియజేయాలి.

అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరులోనికి దురుద్దేశంతో చొరబడిన వారికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 66వ సెక్షను మూడేళ్ల వరకు జైలుశిక్షను గాని, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానాను గాని, రెండింటినీ గాని విధిస్తున్నది. సరదా కోసమని స్నేహితుని ఖాతాను తెరచే విద్యార్థులు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. అదే తెలివిని లోపాలను కనిపెట్టి, యజమాని అనుమతితో సరిదిద్దడానికి వినియోగిస్తే అది గౌరవప్రదమైన వృత్తి అవుతుంది.

తాళం కనిపెట్టిన నాటి నుండి దొంగతాళమూ ఉన్నది. అందువలన తలుపును వదులుకొన్నవారు లేరు. మరింత మంచి తాళాన్ని చేసుకొన్నారు. తప్పు జరిగినపుడు దాచక చెప్పే సంస్థ, చెప్పినదానిని ఆలకించి నిలదీసే ప్రజలు, తీసుకొనే ముందు ముద్రను పరీక్షించే వాడుకరి, ఈ ముగ్గురూ ఉన్నచోట నమ్మకం చెదరదు.