విదేశాల్లో క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే వడ్డీ ఏనాటి నుంచి?



మన ట్రస్టు స్కాలర్‌షిప్పుతో చదువుకున్న పిల్లల్లో కొందరు పై చదువుల కోసం విదేశాలకు వెళుతున్నారు. అది మనందరికీ సంతోషం. అయితే వెళ్ళిన మొదటి నెలలో డబ్బు విషయంలో జరిగే ఒక పొరపాటు గురించి ఈ సంచికలో రాయమని ట్రస్టు పెద్దలు నన్ను అడిగారు. ఆ పొరపాటు మా ఇంట్లోనే జరిగింది కాబట్టి ఒప్పుకున్నాను.

నేను మండికల్‌లో ఉంటాను. లెక్కల ఉపాధ్యాయునిగా పని చేసి రిటైరయ్యాను. బారువడ్డీ, చక్రవడ్డీ ఎన్ని తరగతుల పిల్లలకు చెప్పానో గుర్తు లేదు. అలాంటి నేనే వడ్డీ లెక్కలో తప్పు చేశాను.

జరిగిన సంగతి

2022లో మా అమ్మాయికి జర్మనీలోని కెమ్నిట్జ్‌లో ఎం.ఎస్. సీటు వచ్చింది. వీసా కోసం ఒక ఏడాది ఖర్చు డబ్బును బ్లాక్డ్ అకౌంటు అనే ప్రత్యేక ఖాతాలో ముందుగానే కట్టాలి. అప్పట్లో అది 10,332 యూరోలు. 2024 సెప్టెంబరు నుంచి 11,904 యూరోలకు పెంచారు. ఆ డబ్బు విద్యార్థిదే అయినా ఒక్కసారిగా చేతికి రాదు. అక్కడికి వెళ్ళి, ఇంటి చిరునామా నమోదు చేయించుకుని, స్థానిక బ్యాంకులో ఖాతా తెరిచాక నెలకింత అని విడుదలవుతుంది. ఈ పనులకు కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు పడుతుంది.

ఇంటి అడ్వాన్సు మాత్రం అంతవరకు ఆగదు. గది ఇచ్చినాయన నగదు అడిగాడు. అమ్మాయి దగ్గర నా క్రెడిట్ కార్డు మీద తీసుకున్న యాడ్-ఆన్ కార్డు ఉంది. విమానాశ్రయంలో కార్డు చేతికిస్తూ నేనే చెప్పాను: "అవసరమైతే వాడుకో అమ్మా, నలభై అయిదు రోజుల దాకా వడ్డీ లేదు." నా మాట నమ్మి అక్టోబరు 5న ఏటీఎంలో 600 యూరోలు తీసింది.

అక్టోబరు 25న బిల్లు వచ్చింది. గడువు తేదీ నవంబరు 14. నేను ఆ రోజే మొత్తం కట్టి, ఇక అయిపోయిందనుకున్నాను. తర్వాతి నెల బిల్లులో మళ్ళీ వడ్డీ పడింది. బ్యాంకుకు ఫోన్ చేస్తే, నగదుకు వడ్డీ లేని గడువు ఉండదని, తీసిన రోజు నుంచి కట్టిన రోజు వరకు వడ్డీ పడుతుందని, నిబంధనల కాగితంలో అది రాసి ఉందని చెప్పారు. బీరువాలో వెతికితే ఆ కాగితం దొరికింది. నిజంగానే రాసి ఉంది. నేనే చదవలేదు.

లెక్క ఇదీ

అప్పుడు యూరో సుమారు 80 రూపాయలు. అంటే 600 యూరోలు 48,000 రూపాయలు. దాని మీద పడినవి:

1. విదేశీ కరెన్సీ మార్పిడి రుసుము 3.5 శాతం: 1,680 రూపాయలు
2. నగదు తీసినందుకు రుసుము 2.5 శాతం: 1,200 రూపాయలు
3. ఈ రెండింటి మీద 18 శాతం జీఎస్టీ: 518 రూపాయలు
4. ఏడాదికి 42 శాతం చొప్పున 40 రోజుల వడ్డీ: 2,209 రూపాయలు
5. వడ్డీ మీద జీఎస్టీ: 398 రూపాయలు

మొత్తం 6,005 రూపాయలు. అక్కడి ఏటీఎం వాళ్ళు విడిగా రుసుము వేయలేదు కాబట్టి ఇంతటితో ఆగింది. అమ్మాయి డిగ్రీ చదివేటప్పుడు మన ట్రస్టు ఏడాదికి ఇచ్చిన స్కాలర్‌షిప్పు పదివేలు. అందులో సగానికి పైగా నలభై రోజుల్లో పోయింది.

ఈ లెక్క రాస్తూ ఉంటే మా ఇంటావిడ వచ్చి చూసింది. ఆమె స్త్రీశక్తి సంఘంలో చాలా ఏళ్ళుగా ఉంది. "నూటికెంత? ఏ పొద్దు నుంచి లెక్క? ముందే ఎంత పట్టుకుంటారు?" అని మూడు మాటలు అడిగింది. నూటికి నెలకు మూడున్నర, తీసిన పొద్దు నుంచే, ముందే నూటికి ఏడు దాకా పట్టుకుంటారు అన్నాను. "ఊర్లో ఇట్లా అడిగితే ఎవరన్నా తీసుకుంటారా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

నిజమే. మన పల్లెల్లో చేబదులు తీసుకునే ముందు ఈ మూడు ప్రశ్నలు అడగనివారు లేరు. కార్డు చేతిలో ఉంటే మాత్రం అది అప్పు అన్న సంగతే మరిచిపోతాం. చదువు కోసం బ్యాంకు ఇచ్చే విద్యా రుణానికి వడ్డీ ఏడాదికి పది, పదకొండు శాతం ఉంటే, అది నూటికి నెలకు రూపాయి లోపే. దానితో పోల్చి చూడండి.

ఎందుకిలా జరుగుతుంది?

క్రెడిట్ కార్డు మీద రెండు రకాల వాడకం ఉంది. అంగట్లో సరుకు కొని కార్డు గీకితే, బిల్లు మొత్తం గడువులోగా కట్టినంత కాలం వడ్డీ ఉండదు. ఏటీఎంలో నగదు తీస్తే అది తీసిన క్షణం నుంచే అప్పు. నలభై అయిదు రోజులు, యాభై రోజులు అని ప్రకటనల్లో చెప్పేది మొదటి రకానికే. విదేశంలో అయితే మార్పిడి రుసుము రెండు రకాలకూ పడుతుంది. నగదు రుసుము, మొదటి రోజు నుంచి వడ్డీ మాత్రం రెండో దానికే.

ఇంకొక సంగతి. బిల్లులో "కనీస మొత్తం" అని చిన్న అంకె ఒకటి ఉంటుంది. అది మాత్రమే కడితే మిగిలిన బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పైగా కొత్తగా కొన్న సరుకులకు కూడా వడ్డీ లేని గడువు పోతుంది.

రేట్లు బ్యాంకును బట్టి, కార్డును బట్టి మారుతాయి. మీ కార్డుతో వచ్చిన "అతి ముఖ్యమైన నిబంధనలు, షరతులు" అనే పత్రంలో నగదు రుసుము, వడ్డీ, మార్పిడి రుసుము మూడూ ఉంటాయి. దాన్ని తప్పక చదవండి.

తీయక తప్పకపోతే

నగదు రుసుము, మార్పిడి రుసుము తప్పించుకోలేం. వడ్డీని మాత్రం తగ్గించుకోవచ్చు. బిల్లు కోసం ఎదురుచూడకుండా, కార్డు ఖాతాలో ఆ మొత్తం కనిపించగానే నెట్ బ్యాంకింగ్‌లో కట్టేయండి. మా అమ్మాయి తీసిన మూడో రోజునే నేను కట్టి ఉంటే వడ్డీ 166 రూపాయలతో పోయేది. నలభై రోజులు ఆగి, జీఎస్టీతో కలిపి 2,607 రూపాయలు కట్టాను.

ఏటీఎం తెర మీద "మీ దేశపు రూపాయల్లో లెక్క కట్టమంటారా?" అన్న ప్రశ్న వస్తే వద్దనండి. ఆ మార్పిడి ధర సాధారణంగా మనకు నష్టంగానే ఉంటుంది. ఎప్పుడూ ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోవాలి.

బయలుదేరే ముందు

1. మొదటి నెల అద్దె, అడ్వాన్సు, తిండి ఖర్చు ఎంతో ముందే లెక్క వేసుకోండి. విదేశీ కరెన్సీ నోట్లు చాలా దేశాలకు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకు తీసుకుపోవచ్చు. అంతా నోట్లుగా కాకుండా కొంత మాత్రమే ఉంచుకోవడం క్షేమం.

2. మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోండి. అది మన డబ్బే కాబట్టి వడ్డీ అన్న మాటే లేదు. ఏ దేశానికి వెళుతున్నారో ఆ దేశపు కరెన్సీలోనే వేయించుకోవాలి. లేకపోతే మళ్ళీ మార్పిడి రుసుము పడుతుంది. ఏటీఎంలో తీసిన ప్రతిసారీ కొంత రుసుము ఉండవచ్చు కాబట్టి చిన్న చిన్న మొత్తాలు పదే పదే తీయకండి.

3. బ్యాంకు ఖాతా డెబిట్ కార్డు ఒకటి అదనంగా ఉంచుకోండి. రుసుములు పడతాయి కానీ వడ్డీ పడదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులకు విదేశీ వాడకం మనం కోరితేనే తెరుస్తారు. ఊరు విడిచే ముందే ఆ పని చేసుకోవాలి.

4. అదే నిబంధన వల్ల క్రెడిట్ కార్డులో ఏటీఎం వాడకాన్ని విడిగా మూసివేసే సదుపాయమూ ఉంది. కొనుగోళ్ళకు మాత్రం తెరిచి, నగదుకు మూసి ఉంచండి. మరీ అవసరమైతే బ్యాంకు యాప్‌లో తెరుచుకోవచ్చు.

5. అద్దె విషయంలో ఆ దేశపు చట్టం ఏమంటుందో తెలుసుకోండి. జర్మనీలో ఇంటి అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదు. దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అద్దెదారుకు ఉంది. ఈ మాట మాకు తెలిసి ఉంటే 600 యూరోలు ఒక్కసారిగా తీయవలసిన పనే ఉండేది కాదు.

చివరగా

రెండో బిల్లు వచ్చిన రోజు అమ్మాయి ఫోనులో "నాయనా, నేను తప్పు చేసినానా?" అని అడిగింది. ఆ గొంతు నాకింకా గుర్తుంది. "నువ్వు కాదమ్మా, చదవకుండా చెప్పింది నేను" అన్నాను. తల్లిదండ్రులకు నా మనవి ఇదే: మనకు తెలిసీ తెలియని మాట పిల్లలకు ధైర్యంగా చెప్పవద్దు. కార్డు ఇచ్చే ముందు ఇద్దరూ కూర్చుని, ఆ మూడు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకోండి: నూటికెంత? ఏనాటి నుంచి? ముందే పట్టుకునేది ఎంత?