మైత్రీబాగ్ టికెట్టు, మంచుకొండల పాసు

భిలాయికి కొత్తగా బదిలీ మీద వచ్చిన కుటుంబాన్ని మొదటి నెలలోనే ఎవరో ఒకరు అడుగుతారు, "మైత్రీబాగ్ చూశారా?" అని. తెల్లపులి, చెరువులో పడవ షికారు, పిల్లల రైలు, పూల ప్రదర్శన... అన్నీ చూసి వస్తాం. ఒక్క సంగతి మాత్రం చాలామందికి తట్టదు. ఈ జూ అటవీ శాఖది కాదు, మున్సిపాలిటీది కాదు. ఉక్కు కర్మాగారానిది!

భిలాయి కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ స్నేహానికి గుర్తుగా కర్మాగారం వారు 1972లో ఈ తోటను ఏర్పాటు చేశారు. పేరులోని 'మైత్రి' అదే. బొకారోలో కూడా జవహర్‌లాల్ నెహ్రూ బయోలాజికల్ పార్కును నడిపేది అక్కడి ఉక్కు కర్మాగారమే.

రైలు పట్టాలు తయారుచేసేవాళ్ళు పులుల్ని పెంచడం ఏమిటని నవ్వు రావచ్చు. కానీ ఇందులో ఒక పెద్ద సౌకర్యం ఉంది. ఆసుపత్రి, క్వార్టర్లు, ఆటస్థలాలు లాగే ఇదీ టౌన్‌షిప్‌లో ఒక భాగం. దాని ఖర్చంతా గేటు దగ్గర తెగిన టికెట్ల నుంచే రావాలని లేదు. ఆదివారమంతా వాన కురిసి ఒక్కరూ రాకపోయినా పులికి మాంసం అందుతుంది.

వినోదమే వ్యాపారంగా పెట్టుకున్నవాళ్ళకు ఆ ధీమా ఉండదు. సెలవుల్లో హైదరాబాదు వెళ్ళినప్పుడు మీలో కొందరు వండర్‌లా చూసే ఉంటారు. ఆ కంపెనీ 2000లో కొచ్చిలో మొదటి పార్కు పెట్టింది. 2005లో బెంగళూరు, 2016లో హైదరాబాదు, 2024లో భువనేశ్వర్ వచ్చాయి. మధ్యలో 2014లో కంపెనీ వాటాలు స్టాక్ మార్కెట్‌కు వెళ్ళాయి. అక్కడ వాన పడితే టికెట్లు తెగవు. జీతాలు, కరెంటు బిల్లులు మాత్రం ఆగవు.

వాతావరణం మీద ఆధారపడే వ్యాపారాల్లో అన్నిటికంటే కష్టమైనది మంచుకొండల మీద స్కీయింగ్. మన దేశంలో గుల్‌మార్గ్, ఔలీ అందుకు పేరుపొందినవి. అమెరికాలో ఇలాంటి కొండలు వందల్లో ఉన్నాయి. కొలరాడో రాష్ట్రంలోని వెయిల్ అనే కొండను రెండవ ప్రపంచ యుద్ధంలో పర్వత దళంలో పనిచేసిన పీట్ సైబర్ట్ తన మిత్రులతో కలిసి 1962 డిసెంబరులో తెరిచాడు. ఆ రోజుల్లో చాలా కొండల యజమానులు స్థానికులే. కొండ ఎక్కించే లిఫ్టులకు అప్పు తెచ్చి, మంచు కోసం ఆకాశంకేసి చూస్తూ కూర్చునేవారు. మన రైతు వాన కోసం చూసినట్టే అనుకోండి. మంచు పడని ఏడాది అప్పే మిగిలేది.

దీనికి ఒక విరుగుడు 2008లో వచ్చింది. అప్పటికే చాలా కొండలు కొన్న వెయిల్ రిసార్ట్స్ కంపెనీ 'ఎపిక్ పాస్' అమ్మింది. ధర 579 డాలర్లు. సీజను మొదలవకముందే డబ్బు కట్టాలి. ఆ తర్వాత కంపెనీ కొండల్లో ఎక్కడైనా, ఎన్ని రోజులైనా స్కీయింగ్ చేసుకోవచ్చు. ఇంత చవకగా ఎలా ఇస్తున్నారని జనం ఆశ్చర్యపోయారు.

మన లెక్కల్లోకి దించితే ఆ కిటుకు తేలిగ్గా అర్థమవుతుంది. ఇవి ఊహించిన అంకెలే సుమా. ఒక పార్కు టికెట్టు 100 రూపాయలు. సీజనులో పది ఆదివారాలు ఉన్నాయి. వాన లేని ప్రతి ఆదివారం మీరు వెళతారు. నాలుగు ఆదివారాలు వాన పడితే యజమానికి మీ నుంచి 600 వస్తాయి. ఎనిమిది పడితే 200 మాత్రమే. ఇప్పుడాయన 500కే సీజను పాసు ముందుగా అమ్మాడనుకోండి. వాన ఎన్నిసార్లు పడినా ఆయన 500 ఆయనకు దక్కినట్టే. మంచి ఏడాదిలో ఆయన కాస్త వదులుకుంటాడు, చెడ్డ ఏడాదిలో మునిగిపోడు. అంటే వాన భయం ఆయన తల మీద నుంచి మీ తల మీదకు మారింది. చవక ధర దానికి మీకిచ్చిన పరిహారం.

మరి మీ భయం సంగతి? అక్కడే ఎక్కువ కొండలు ఉండటం పనికొస్తుంది. కొలరాడోలో మంచు లేకపోతే యూటాకు వెళ్ళొచ్చు. వెయిల్ రిసార్ట్స్ 2015లో ఆస్ట్రేలియాలోని పెరిషర్‌ను, 2016లో కెనడాలోని విస్లర్ బ్లాక్‌కోంబ్‌ను కొన్నది. ఆస్ట్రేలియాలో జూలై అంటే చలికాలం కదా! ఇప్పుడు ఆ కంపెనీకి 40కి పైగా కొండలున్నాయి. ఆల్టెర్రా అనే మరో కంపెనీ 2018లో 'ఐకాన్ పాస్'తో పోటీకి దిగింది. ముందుగా చేతికొచ్చిన డబ్బుతో కొత్త లిఫ్టులు వచ్చాయి, కృత్రిమంగా మంచు చేసే యంత్రాలు వచ్చాయి.

మన దగ్గర కూడా ఈ లెక్క పనిచేస్తోంది. 2023 అక్టోబరులో పీవీఆర్ ఐనాక్స్ నెలకు 699 రూపాయలకు పది సినిమాల పాసు తెచ్చింది. అయితే సోమవారం నుంచి గురువారం వరకే. ఎందుకో ఊహించండి. ఆ రోజుల్లో ఎలాగూ కుర్చీలు ఖాళీ!

ఇక మంచుకొండల కథలో చేదు భాగం. పాసు చవగ్గా కనిపించాలంటే ఒక్కరోజు టికెట్టు ఖరీదుగా ఉండాలి. వెయిల్‌లో రద్దీ రోజుల్లో ఒక్కరోజు టికెట్టు 300 డాలర్లు దాటింది. ఏటా ముప్పై రోజులు వెళ్ళేవాడికి ఇది పట్టదు. ఒక్కసారైనా మంచు మీద జారి చూద్దామని పిల్లల్ని తీసుకొచ్చిన కుటుంబానికి పడుతుంది దెబ్బ. పైగా అడ్వాన్సు కట్టేశాక పాసు ఉన్నవాళ్ళు కూడా కట్టుబడిపోతారు. 2024 డిసెంబరు 27న యూటాలోని పార్క్ సిటీ కొండ మీద ప్రమాదాల నుంచి జనాన్ని కాపాడే స్కీ పెట్రోల్ సిబ్బంది సమ్మెకు దిగారు. గంటకు 21 డాలర్లున్న ప్రారంభ జీతాన్ని 23కు పెంచమన్నారు. కొత్త సంవత్సరం రద్దీలో చాలా దారులు మూసి ఉన్నాయి, తెరిచిన లిఫ్టుల దగ్గర బారులు తీరారు. వచ్చినవాళ్ళు కోపంగా ఉన్నా చేసేదేముంది? డబ్బు ఎప్పుడో కట్టేశారు. జనవరి 8న ఒప్పందం కుదిరింది.

ఇదంతా పాసు తప్పు కాదు, పెద్ద కంపెనీ తప్పు అనేవాళ్ళున్నారు. నాకూ ఆ మాటలో కొంత నిజం కనిపిస్తుంది. 2019లో వచ్చిన 'ఇండీ పాస్' చూడండి. అందులోని చిన్న కొండలు ఎవరివి వారివే. కొండను అమ్ముకోకుండా పాసును మాత్రం పంచుకుంటారు. ఒకే పాసు ఉండాలంటే ఒకే యజమాని ఉండాలన్న నియమం ఏమీ లేదు.

ఆలోచిస్తే ఇలాంటి పాసు మన బడి పిల్లలందరి దగ్గరా ఉంది. దాని పేరు టీసీ! నాన్నకో అమ్మకో సీఐఎస్ఎఫ్‌లోనో రైల్వేలోనో బదిలీ అయితే, భిలాయిలో ఆపిన పాఠాన్ని విశాఖపట్నంలో అందుకుంటాం. అవే పుస్తకాలు, అదే యూనిఫాం. కొత్త ఊళ్ళో అది ఎంత ధైర్యమో మనకే తెలుసు. పుస్తకం ఒకటే అయినంత మాత్రాన ఊరు ఒకటి కాదని కూడా మనకే తెలుసు. కొండలన్నీ ఒక్క కంపెనీ చేతిలోకి వెళ్ళాక అన్నిచోట్లా అదే హోటలు, అదే టోపీల దుకాణం కనిపిస్తున్నాయని అక్కడి పాతకాపులు ఫిర్యాదు చేస్తుంటారు. వాళ్ళ బాధ మనకు కాస్త అర్థమవుతుంది.

రేపు మైత్రీబాగ్ కూడా తన ఖర్చు తానే సంపాదించుకోవాలి అన్నారనుకోండి. వార్షిక పాసు పెడితే సెక్టార్లలో ఉండే మనలాంటివాళ్ళకు లాభం, ప్రతి ఆదివారం వెళ్ళిరావచ్చు. ఏప్రిల్‌లో బదిలీ ఉత్తర్వు వస్తే మాత్రం పాసులో మిగిలిన నెలలు గోవిందా! కానీ సెలవు రోజుల్లో గేటు దగ్గర నిలబడి చూడండి. చుట్టుపక్కల పల్లెల నుంచి అమ్మమ్మ మొదలు చంటిపిల్ల వరకు అంతా వచ్చి, చెట్టు కింద టిఫిను డబ్బాలు విప్పుతారు. వాళ్ళు మళ్ళీ వచ్చేది ఏడాది తర్వాతే. వాళ్ళకు కావలసింది ఆ ఒక్కరోజు టికెట్టే.