పిల్లలకు ఎంతవరకు చెప్పాలి?

యుద్ధం గురించి పిల్లలు అడిగితే ఎంతవరకు చెప్పాలి? అమెరికన్ రచయిత్రి లోయిస్ లోరీ 1989లో రాసిన ‘నంబర్ ది స్టార్స్’ నవలలో దీనికి చక్కని జవాబు ఉంది.

అది 1943. డెన్మార్క్ నాజీల చేతిలో ఉంది. పదేళ్ల అన్నామరీ స్నేహితురాలు ఎలెన్ యూదుల అమ్మాయి. ఆమె కుటుంబాన్ని రహస్యంగా పడవలో స్వీడన్‌కు పంపాలి. ఆ ఏర్పాట్లలో భాగంగా, లేని బంధువు ఒకామె చనిపోయిందని పెద్దలు చెబుతారు. అన్నామరీ పసిగట్టి మేనమామను నిలదీస్తుంది. ఆయన అబద్ధమని ఒప్పుకుంటాడు. అన్నీ తెలియకపోతేనే ధైర్యంగా ఉండగలవని కారణం కూడా చెబుతాడు.

తర్వాత ఒక పొట్లాన్ని ఆయనకు చేర్చే పని ఆ పాప మీదే పడుతుంది. దారిలో సైనికులు, కుక్కలు ఆపినా తడబడదు. అందులో ఉన్నది కుక్కల వాసన పట్టే శక్తిని పోగొట్టే రుమాలని, ఆపద గడిచాక మేనమామ వివరిస్తాడు. అలాంటి రుమాళ్లు నిజంగానే వాడారు. ఆ ఏడాది 7,000 మందికి పైగా యూదులు అలా సముద్రం దాటి బతికారు.

వయసుకు తగినంతే చెప్పవచ్చు. కానీ పిల్లలు సూటిగా అడిగినప్పుడు మాట దాటవేయకూడదు. ఐదు, ఆరు తరగతుల పిల్లలతో కలిసి ఈ నవల చదవండి. “పొట్లంలో ఏముందో ముందే తెలిస్తే నువ్వేం చేసేవాడివి, ఏం చేసేదానివి?” అని అడిగి చూడండి.