యాంటీ డంపింగ్ నిబంధనలు – ఒక అవగాహన

కోదాడ: విదేశీ సరుకు చౌకగా వచ్చిపడినపుడు స్థానిక పరిశ్రమ ఎవరిని ఆశ్రయించాలి? మన సరుకుపై విదేశమే అటువంటి ఆరోపణ చేసినపుడు ఎగుమతిదారు ఏమి చేయాలి? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం యాంటీ డంపింగ్ నిబంధనలలో ఉన్నది. మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటు కర్మాగారాలు, కోదాడ, మిర్యాలగూడ రైస్ మిల్లులు గల ఈ ప్రాంతంలో వార్తలు రాసే పాత్రికేయులకు, వినతులు స్వీకరించే అధికారులకు వీటిపై స్పష్టత అవసరం.

డంపింగ్ అనగానేమి?

చౌకగా అమ్మడమే డంపింగ్ కాదు. ఎగుమతిదారు తన దేశంలో అమ్మే ధర కంటే తక్కువకు మరొక దేశానికి అమ్మడం డంపింగ్. స్వదేశంలో రూ.100కు అమ్మే సరుకును మనకు రూ.80కి పంపితే వ్యత్యాసం రూ.20. దీనిని ఎగుమతి ధరపై లెక్కించి 25 శాతంగా పేర్కొంటారు. అదే సరుకును అక్కడా, ఇక్కడా రూ.60కే అమ్మితే, మన ఉత్పత్తి ధర రూ.90 అయినప్పటికీ అది డంపింగ్ కిందకు రాదు.

1947 నాటి గాట్ ఒప్పందం ఆరవ అధికరణం, 1995 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ఇందుకు ఆధారం. డంపింగ్ జరిగినట్లు, స్వదేశీ పరిశ్రమకు గణనీయమైన నష్టం కలిగినట్లు, ఆ నష్టానికి డంపింగే కారణమైనట్లు మూడూ రుజువైతేనే సుంకం విధించాలి. వ్యత్యాసం 2 శాతం లోపు ఉన్నచో విచారణ ముగించవలసి ఉంటుంది.

మన దేశంలో విధానం

1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం 9ఎ సెక్షను, 1995 నియమావళి ప్రకారం కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్ విచారణ జరుపుతుంది. దరఖాస్తుకు మద్దతు తెలిపే ఉత్పత్తిదారుల వాటా దేశీయ ఉత్పత్తిలో కనీసం 25 శాతం ఉండాలి. వ్యతిరేకించేవారి ఉత్పత్తి కంటే వీరి ఉత్పత్తి అధికంగా ఉండాలి. కనుక ఒక చిన్న కర్మాగారం ఒంటరిగా కాక, సంఘం ద్వారా ముందుకు రావడం మేలు. డైరెక్టరేట్ సిఫారసు మాత్రమే చేస్తుంది. సుంకం విధించే అధికారం ఆర్థిక మంత్రిత్వ శాఖది. సుంకం సాధారణంగా ఐదేళ్లు అమలులో ఉంటుంది. సమీక్ష అనంతరం పొడిగించవచ్చు.

రొయ్యల అనుభవం

ఈ నిబంధనల ప్రభావాన్ని తెలుగు రైతులు రొయ్యల విషయంలో చవిచూశారు. అమెరికా దక్షిణాది రొయ్యల ఉత్పత్తిదారులు 2003 డిసెంబరులో భారత్‌తో సహా ఆరు దేశాలపై ఫిర్యాదు చేశారు. 2005 ఫిబ్రవరిలో సుంకపు ఉత్తర్వులు వెలువడ్డాయి. విడిగా రేటు నిర్ణయించని భారతీయ ఎగుమతిదారులకు 10.17 శాతం ఖరారైంది. సుంకం చెల్లించేది అమెరికా దిగుమతిదారే అయినా, ఆ భారం కోస్తా చెరువు గట్టున రైతుకు దక్కే ధరపై పడే అవకాశం ఉంటుంది.

సుంకానికి అదనంగా అమెరికా కోరిన భారీ బాండ్లను భారత్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో సవాలు చేశాయి. ఆ బాండ్లు ఒప్పందానికి విరుద్ధమని 2008 జూలైలో అప్పీలు సంఘం తీర్పు చెప్పింది. లెక్కింపు పద్ధతిని సవాలు చేసిన ఈక్వెడార్‌పై సుంకం 2007లో రద్దయింది. సంస్థలవారీ రేట్లు వార్షిక సమీక్షలలో మారుతాయి. కాబట్టి లెక్కల పుస్తకాలు, అమ్మకపు బిల్లులు సక్రమంగా ఉంచుకొని, ప్రశ్నావళికి గడువులోగా జవాబిచ్చే ఎగుమతిదారు తన వాదన నిలుపుకోగలడు. జవాబివ్వని వారిపై అందుబాటులో ఉన్న సమాచారం ఆధారంగానే రేటు నిర్ణయమవుతుంది. అది సాధారణంగా వారికి ప్రతికూలమే.

గమనించవలసిన తేడాలు

ప్రభుత్వ రాయితీలపై విధించే ప్రతిసమతుల్య సుంకం వేరు. 2024లో అమెరికా భారతీయ రొయ్యలపై విధించినది ఇదే. దీనిని యాంటీ డంపింగ్‌గా రాయరాదు.

ఈ నిబంధనలు దేశాల మధ్య వాణిజ్యానికే పరిమితం. ఆంధ్రప్రదేశ్ నుండి కోదాడ సరిహద్దు దాటి వచ్చే ధాన్యం గానీ, పొరుగు రాష్ట్రపు సిమెంటు గానీ ఎంత చౌకైనా చట్టరీత్యా డంపింగ్ కాదు. రాజ్యాంగం 301వ అధికరణం, కొన్ని పరిమితులకు లోబడి, దేశమంతటా వాణిజ్య స్వేచ్ఛ కల్పించింది. ధాన్యం సేకరణ, మద్దతు ధర సమస్యలు పౌరసరఫరాలు, మార్కెటింగ్ శాఖల పరిధిలోనివి. విదేశీ దిగుమతులపై ఫిర్యాదును జిల్లా పరిశ్రమల కేంద్రంలో అందజేసినంత మాత్రాన విచారణ ప్రారంభం కాదు. నిర్ణీత నమూనాలో, ఆధారాలతో డైరెక్టరేట్‌కు దరఖాస్తు చేయాలి. ఈ సంగతిని అధికారులు మొదటి రోజునే తెలియజేస్తే పరిశ్రమకు విలువైన కాలం ఆదా అవుతుంది.